పటంలో వాగు గీత ఎలా పుడుతుంది? జీఐఎస్ లెక్క, బుడమేరు పాఠం

2024 సెప్టెంబరు 1న విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను బుడమేరు ముంచెత్తింది. కొన్ని వీధుల్లో నీరు రోజుల తరబడి కదలలేదు. ఆ వారంలో టీవీల్లో, పత్రికల్లో, వాట్సాప్‌లో బుడమేరు పటాలు చాలా తిరిగాయి. ఒకదానిలో ఏరు కొల్లేరు వైపు పోతోంది, ఇంకోదానిలో కృష్ణలో కలుస్తోంది. ఒకదానిలో దాని ఉపవాగులు పదుల సంఖ్యలో కనిపిస్తే, మరోదానిలో రెండు మూడు గీతలే ఉన్నాయి. ఇందులో ఏది సరైన పటం అని చాలామంది అడిగారు.

అసలు ఆ గీతలు ఎలా పుడతాయన్నది అంతకంటే ముందు తెలుసుకోవలసిన సంగతి. ఇప్పుడు మనకు కనిపించే వాగుల పటాల్లో చాలావాటిని ఎవరూ ఏటి గట్టున నడిచి గీయలేదు. ఉపగ్రహాలు, అంతరిక్ష నౌకలు కొలిచిన నేల ఎత్తుల మీద కంప్యూటర్ వేసిన లెక్క ఫలితాలవి. ఆ లెక్క బాగా ఉపయోగపడుతుంది, దాన్ని వేయడానికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు. కానీ అది కొన్ని ఊహల మీద నిలబడి ఉంటుంది. వరద సాయం, ఇళ్ల అనుమతులు, చెరువుల హద్దులు పటాల మీద ఆధారపడే కాలంలో ఆ ఊహలేమిటో తెలియడం పౌరులకూ అవసరమే.

పరీవాహక ప్రాంతం అంటే

ఏటిలో ఏదైనా ఒక చోటు తీసుకోండి. ఎక్కడెక్కడ పడిన వాన ఆ చోటికి చేరుతుందో ఆ నేలంతా దాని పరీవాహక ప్రాంతం. దీన్నే వాటర్‌షెడ్ అంటున్నాం. రెండు పరీవాహక ప్రాంతాల మధ్య ఉండే మెరక గీత జలవిభాజకం. దానికి ఇటు పడిన చినుకు ఒక ఏటికి, అటు పడింది ఇంకో ఏటికి పోతుంది. చోటు మారితే ప్రాంతమూ మారుతుంది. వెలగలేరు దగ్గర బుడమేరు పరీవాహకం వేరు, అదే ఏరు కొల్లేరులో కలిసే చోట పరీవాహకం వేరు. అందుకే ఫలానా నది పరీవాహకం ఇంత అని ఎవరైనా చెబితే, ఎక్కడికి అని అడగాలి.

పాలనలో ఈ మాటకు ప్రాముఖ్యం తెచ్చినవారిలో తెలుగు ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు ఒకరు. ఆయన అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక ఆధారంగా కేంద్రం 1995 నుంచి వాటర్‌షెడ్ పథకాలకు ఉమ్మడి మార్గదర్శకాలు అమలు చేసింది. సుమారు 500 హెక్టార్ల నేలను ఒక యూనిట్‌గా తీసుకుని కందకాలు, చెక్‌డ్యామ్‌లు, మొక్కల పెంపకం చేపట్టాలన్నది పద్ధతి. అంటే పథకం హద్దు ఊరి పొలిమేర ప్రకారం కాకుండా నీటి నడక ప్రకారం ఉండాలి. ఆ హద్దు గీయడానికి అప్పట్లో సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్ల మీద ఎత్తుల రేఖలు చూసి పెన్సిల్‌తో గుర్తులు పెట్టేవారు. ఇప్పుడు అదే పని జీఐఎస్ సాఫ్ట్‌వేర్ కొన్ని నిమిషాల్లో చేస్తుంది.

ముడిసరుకు: నేల ఎత్తుల పట్టిక

ఈ లెక్కకు మూలం డిజిటల్ ఎలివేషన్ మోడల్. పొట్టిగా డీఈఎం. నేలను చిన్న చిన్న గడులుగా విభజించి, ఒక్కో గడికీ సముద్ర మట్టం నుంచి ఎత్తు ఎంతో రాసిన పట్టిక అది. ఎక్కువగా వాడుకలో ఉన్నవి ఇవి.

ఎస్‌ఆర్‌టీఎం: 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ 11 రోజుల పాటు రాడార్‌తో భూమిని కొలిచింది. ఉత్తరాన 60 డిగ్రీల నుంచి దక్షిణాన 56 డిగ్రీల అక్షాంశం దాకా నేల ఎత్తులు నమోదయ్యాయి. సుమారు 30 మీటర్ల గడుల సమాచారం ఇప్పుడు ఎవరికైనా ఉచితం.

కార్టోడెమ్: 2005 మే 5న ఇస్రో ప్రయోగించిన కార్టోశాట్-1 ఒకే చోటును రెండు కోణాల నుంచి ఫొటోలు తీసేది. మన రెండు కళ్లు లోతును పసిగట్టినట్టే, ఆ జంట చిత్రాల నుంచి ఎత్తులు లెక్కగట్టారు. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ పోర్టల్‌లో ఇది దొరుకుతుంది.

కోపర్నికస్ డెమ్: 2011–2015 మధ్య జర్మనీ జంట రాడార్ ఉపగ్రహాలు కొలిచిన ఎత్తుల నుంచి తయారైంది. 30 మీటర్ల రూపం ఉచితం.

వీటన్నిటికీ ఉమ్మడి పరిమితులు రెండున్నాయి. ఒకటి, ఇవి కొలిచేది చాలావరకు పై ఉపరితలాన్ని. దట్టమైన చెట్లు, గుంపు గుంపు మేడలు ఉన్నచోట చెట్టు తల, మేడ కప్పు ఎత్తు కూడా నేల ఎత్తులో కలిసిపోతుంది. రెండు, కొలత తేదీ. 2000 ఫిబ్రవరి తర్వాత వచ్చిన రింగు రోడ్డు, కొత్త కాలువ కట్ట, పూడ్చిన చెరువు ఎస్‌ఆర్‌టీఎంలో ఉండవు.

లెక్క ఎలా సాగుతుంది

నీరు పల్లమెరుగు అన్న సామెతను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చెప్పడమే ఈ పద్ధతి. క్యూజీఐఎస్, గ్రాస్, సాగా, టౌడెమ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లలో గానీ, డబ్బు పెట్టి కొనే వాటిలో గానీ మెట్లు దాదాపు ఒకటే.

మొదటి మెట్టు, పటాన్ని మీటర్లలోకి మార్చడం. డీఈఎం అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో వస్తుంది. వాలు, వైశాల్యం సరిగ్గా రావాలంటే యూటీఎం వంటి మీటర్ల కొలతలోకి మార్చాలి. విజయవాడ, హైదరాబాద్ 44వ ఉత్తర జోన్‌లో ఉంటాయి. అనంతపురం 43లోకి పోతుంది.

రెండో మెట్టు, గుంటలు పూడ్చడం. చుట్టూ ఉన్న ఎనిమిది గడుల కంటే కిందికి ఉన్న గడిలోకి నీరు వెళ్తే బయటికి రాదు, లెక్క అక్కడే ఆగిపోతుంది. ఇలాంటి గుంటల్లో చాలావరకు కొలత లోపాలే. అందుకని సాఫ్ట్‌వేర్ ఆ గుంటను అంచు దాకా నింపి, నీరు పొర్లిపోయేలా చేస్తుంది. కొన్ని పద్ధతులు నింపడానికి బదులు అంచును తెగ్గొట్టి దారి ఇస్తాయి.

మూడో మెట్టు, ప్రవాహ దిశ. ప్రతి గడి నుంచీ చుట్టూ ఉన్న ఎనిమిదింటిలో ఎటు వాలు ఎక్కువో అటే నీరు పోతుందని లెక్క. దీన్ని డీ8 పద్ధతి అంటారు. 1984లో ఓకలహాన్, మార్క్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించిన ఈ పద్ధతి ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. నీరు ఎనిమిది దిక్కుల్లోనే నడవదు కదా అన్న అభ్యంతరంతో 1997లో టార్బోటన్ ఏ కోణంలోకైనా దిశ చూపే పద్ధతిని తెచ్చారు.

నాలుగో మెట్టు, చేరిక లెక్క. ఒక్కో గడికి పైనుంచి ఎన్ని గడుల నీరు చేరుతుందో కూడుతూ పోతారు. కొండ శిఖరం మీద సున్నా, లోయలోకి దిగేకొద్దీ వందలు, వేలు, లక్షలు. ఈ సంఖ్య పెద్దగా ఉన్న గడులన్నీ కలిపితే వాగు ఆకారం కనబడుతుంది.

చివరి మెట్టు, నిర్గమ బిందువు. వంతెన, రెగ్యులేటర్, చెక్‌డ్యామ్ కట్టదలచిన చోటు ఏదైనా సరే. ఆ చోటు మీద క్లిక్ చేస్తే, అక్కడికి నీరు పంపే గడులన్నిటినీ సాఫ్ట్‌వేర్ వెనక్కి వెతికి ఒక ఆకారంగా చూపుతుంది. అదే పరీవాహక ప్రాంతం. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. బిందువు వాగు గడి మీద కాక పక్క గడి మీద పడితే, వందల చదరపు కిలోమీటర్లు రావలసిన చోట పొలం గట్టంత ముక్క వస్తుంది. బిందువును దగ్గర్లో చేరిక ఎక్కువగా ఉన్న గడి మీదికి జరపాలి.

వాగు ఎక్కడ మొదలవుతుంది?

చేరిక లెక్కలో ఎన్ని గడులు దాటితే వాగు అనాలి? దీనికి ప్రకృతిలో స్థిరమైన జవాబు లేదు. పటం గీసే మనిషే ఒక సంఖ్య ఎంచుకుంటారు. 30 మీటర్ల గడి వైశాల్యం 900 చదరపు మీటర్లు. 100 గడులని పెడితే 9 హెక్టార్ల నీరు చేరగానే గీత మొదలవుతుంది. 1,000 పెడితే 90 హెక్టార్లు కావాలి. 10,000 పెడితే 9 చదరపు కిలోమీటర్లు. మొదటి పటంలో నేలంతా వాగులతో నిండిపోతుంది, మూడోదానిలో పెద్ద ఏళ్లు తప్ప ఏవీ ఉండవు. మూడూ ఒకే డీఈఎం నుంచి వచ్చినవే. బుడమేరు ఉపవాగుల సంఖ్య పటానికీ పటానికీ మారడానికి ప్రధాన కారణం ఇదే కావచ్చు.

ఈ సంఖ్య మారితే వాగుల తరగతులు కూడా మారతాయి. హోర్టన్ 1945లో వేసిన పునాది మీద స్ట్రాలర్ 1950లలో సవరించిన పద్ధతి ప్రకారం, ఉపవాగులు లేనిది ఒకటో తరగతి. రెండు ఒకటో తరగతివి కలిస్తే రెండో తరగతి. రెండోదానిలో ఒకటోది కలిస్తే అది రెండుగానే ఉంటుంది. ఎంత చిన్న వంకను లెక్కలోకి తీసుకున్నామన్న దాని మీదే ఈ అంకె ఆధారపడుతుంది. రెండు నివేదికల్లో ఒకే వాగు ఒకచోట మూడో తరగతి, ఇంకోచోట ఐదో తరగతి అయితే ఒకటి అబద్ధమని అనుకోనక్కర్లేదు. ముందు పరిమితి సంఖ్య అడగాలి.

సరైన పరిమితి కోసం అనుభవజ్ఞులు చేసే పని ఒకటుంది. టోపో షీట్‌లోని వాగులతో, ఉపగ్రహ చిత్రంలో కనిపించే వాగు మొదళ్లతో పోల్చి చూసి, ఆ ప్రాంతానికి సరిపోయే సంఖ్య తేలుస్తారు. ఆ తర్వాత నాలుగైదు చోట్లకు వెళ్లి చూసుకుంటారు.

బుడమేరు దగ్గర లెక్క ఎందుకు తడబడుతుంది

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. పై భాగంలో వాలు బాగానే ఉంటుంది కాబట్టి అక్కడ కంప్యూటర్ గీసిన గీతలు నమ్మదగినవే. చిక్కు కిందికి దిగాకే మొదలవుతుంది.

సహజంగా ఈ ఏరు తమ్మిలేరు, రామిలేరు, గుండేరుల్లాగే కొల్లేరుకు చేరేది. విజయవాడను కాపాడటానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరద నీటిని డైవర్షన్ కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలోకి మళ్లించారు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల వచ్చాక గోదావరి నీరు కూడా పోలవరం కుడి కాలువ మీదుగా వచ్చి ఈ డైవర్షన్ కాలువలోనే కృష్ణకు చేరుతోంది. అంటే వెలగలేరు దగ్గర కాలువలో పారే నీటికీ, చుట్టూ ఉన్న కొండల మీద కురిసిన వానకూ కొన్ని రోజుల్లో సంబంధమే ఉండదు.

డీఈఎంకు ఇవేవీ తెలియవు. అది పాత పల్లం వెంటే గీత గీస్తుంది. ఎనికేపాడు దగ్గర బుడమేరు డెల్టా కాలువ కింద నుంచి అండర్ టన్నెల్ ద్వారా దాటుతుంది. పైనుంచి కొలిచే రాడార్‌కు కాలువ కట్ట కనబడుతుంది, కింద ఉన్న దారి కనబడదు. కట్ట ఎత్తు గడిలో నమోదైతే ఏటికి అడ్డంగా గోడ ఉన్నట్టే లెక్క. గుంటలు పూడ్చే మెట్టులో సాఫ్ట్‌వేర్ ఆ గోడ వెనుక నీటిని నింపి, ఎక్కడో పక్క నుంచి పొర్లిస్తుంది.

వాలు సమస్య ఇంకా పెద్దది. విజయవాడ నుంచి కొల్లేరు దాకా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో నేల దిగేది దాదాపు ఇరవై మీటర్లే. అంటే ఒక 30 మీటర్ల గడికీ పక్క గడికీ సగటు తేడా ఒకటి రెండు సెంటీమీటర్లు. ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు రాసేదే పూర్తి మీటర్లలో. దాని నిలువు కొలతకు పెట్టుకున్న లక్ష్యం 16 మీటర్ల లోపు తేడా. ఆచరణలో చాలాచోట్ల అంతకంటే మెరుగ్గానే ఉన్నా, సెంటీమీటర్ల వాలును అది పట్టుకోలేదు. అందుకే డెల్టా నేలల్లో కంప్యూటర్ గీసిన వాగులు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, సమాంతరంగా కనబడతాయి. అలాంటి గీతలు కనిపిస్తే అది నీటి దారి కాదనీ, చదును నేల మీద లెక్క తడబాటనీ గుర్తించవచ్చు.

దీనికి విరుగుడు ఉంది. సర్వేలో తెలిసిన ఏరు, కాలువ, టన్నెల్ గీతలను తీసుకుని, ఆ గడుల ఎత్తును డీఈఎంలో కావాలని తగ్గిస్తారు. దీన్ని స్ట్రీమ్ బర్నింగ్ అంటారు. అప్పుడు నీరు ఆ దారి పట్టక తప్పదు. అయితే డైవర్షన్ కాలువ పని చేసిన రోజుకు ఒక పటం, చేయని రోజుకు ఇంకో పటం కావాలి. 2024 సెప్టెంబరులో కృష్ణలో సుమారు 11.4 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద పారుతున్న వేళ డైవర్షన్ కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. కృష్ణ నిండుగా ఉంటే ఆ కాలువ నీరు దిగడమే కష్టం. అలాంటి రోజున నీరు తన పాత పల్లాన్నే వెతుక్కుంటుంది. మళ్లింపును మాత్రమే చూపే పటాన్ని నమ్ముకున్నవాళ్లకు ఆ పాత పల్లంలో కాలనీలు ఉన్న సంగతి కనబడదు. డీఈఎం గీసే పాత దారి మామూలు రోజుల్లో తప్పు, వరద రోజున హెచ్చరిక.

కొల్లేరు: ఐదు అడుగుల గీత

ఎత్తుల గీత చట్టంగా మారిన చోటు కూడా బుడమేరు చివరనే ఉంది. 1999లో కొల్లేరు సరస్సును +5 కాంటూరు దాకా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. ఆ ఐదు అడుగులు, అంటే సముద్ర మట్టం నుంచి సుమారు ఒకటిన్నర మీటర్లు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేసింది ఈ హద్దు ఆధారంగానే.

ఇక్కడ ఉచిత డీఈఎంతో +5 గీత గీయబోతే ఏమవుతుందో ఊహించండి. సమాచారంలోనే ఒక మీటరు మెట్లు ఉన్నాయి, పైగా పొరపాటు ఇంకొన్ని మీటర్లు. ఇంత చదును నేలలో ఎత్తు అర మీటరు తేడా వస్తే గీత పక్కకు కిలోమీటర్ల మేర జరగగలదు. అంటే ఒక ఊరి చెరువులు లోపలికో బయటికో పోతాయి. ఇలాంటి హద్దును తేల్చడానికి నేల మీద లెవలింగ్ సర్వే, లేదా విమానం నుంచి లేజర్‌తో కొలిచే లైడార్ కావాలి. 30 మీటర్ల డీఈఎం పథకాల ప్రాథమిక అంచనాకు చాలు. ఒక రైతు భూమి ఎటు వైపుందో చెప్పడానికి చాలదు.

చెరువుల గొలుసు మీద గుంటల లెక్క

డెల్టా దాటి తెలంగాణ, రాయలసీమ మెట్టనేలకు వస్తే వాలు సమస్య తగ్గుతుంది గానీ ఇంకోటి ఎదురవుతుంది. ఇక్కడి గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ లెక్కలోకి తీసుకున్న చెరువులే 46 వేలకు పైగా ఉన్నాయి.

కట్ట కట్టి నీరు నిలిపిన చెరువు కంప్యూటర్‌కు గుంట. గుంటలు పూడ్చే మెట్టులో అది మాయమవుతుంది. నింపాక నీరు ఎక్కడి నుంచి పొర్లాలో సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది. అంచులో అన్నిటికంటే తగ్గుగా ఉన్న గడి దాని దృష్టిలో అలుగు. నిజమైన అలుగును, తెలంగాణలో మత్తడి అనేదాన్ని, పూర్వీకులు కట్ట చివర రాతినేల ఉన్నచోట కట్టి ఉంటారు. 30 మీటర్ల గడిలో కొన్ని మీటర్ల వెడల్పు కట్ట ఎత్తు చుట్టుపక్కల నేలతో సగటైపోతుంది కాబట్టి గీత తరచూ కట్ట మధ్య నుంచే దూసుకుపోతుంది. పై చెరువు దగ్గర దారి తప్పితే కింది చెరువు పరీవాహకం లెక్కా తప్పుతుంది.

హైదరాబాద్‌లో 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు ఇంటింటికీ చేరాయి. నాలా ఎటు పోయేదన్న వాదనల్లో పాత టోపో షీట్లు, గ్రామ నక్షాలు, ఉపగ్రహ చిత్రాలు, డీఈఎం గీతలు అన్నీ ఒకే తూకంలో వేయడం సరికాదు. గ్రామ నక్షా ఆ నాటి సర్వేయరు చూసిన సాక్ష్యం. డీఈఎం గీత ఒక అంచనా. రెండూ కలిస్తే బలం, కలవకపోతే వెళ్లి చూడాలి.

సరిహద్దులు దాటే నీరు

లోపాలు చెప్పుకున్నాం కాబట్టి ఈ పద్ధతి పనికిరాదనుకుంటే పొరపాటు. బంగ్లాదేశ్‌ను ముంచే గంగ, బ్రహ్మపుత్ర, మేఘన నదుల ఉమ్మడి పరీవాహకంలో ఆ దేశంలో ఉన్నది 7–8 శాతమే. మిగతాదంతా భారత్, చైనా, నేపాల్, భూటాన్‌లలో ఉంది. పై దేశం టోపో షీట్లు ఇవ్వకపోయినా కింది దేశం తన నదికి నీరు ఎక్కడి నుంచి వస్తుందో గీసుకోగలుగుతోంది. ఎస్‌ఆర్‌టీఎం ఆధారంగా తయారైన హైడ్రోషెడ్స్ అనే ప్రపంచ నదుల పటం ఇందుకు ఉపయోగపడుతోంది. మన దేశంలో కేంద్ర జల సంఘం, ఇస్రో కలిసి తెచ్చిన ఇండియా-విరిస్ పోర్టల్‌లో నదీ బేసిన్ల హద్దులు ఎవరైనా చూడవచ్చు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం భౌగోళిక సమాచార నిబంధనలు సడలించాక భారతీయ సంస్థలకు, వ్యక్తులకు పటాలు తయారు చేయడం ఇంకా తేలికైంది.

పటం చేతికి వచ్చినప్పుడు

వాగు పటమో, పరీవాహక పటమో ఆధారంగా ఎవరైనా మీ ఊరి గురించి ఒక నిర్ణయం చెబితే ఈ ఆరు ప్రశ్నలు అడగండి. ఏ డీఈఎం, ఏ ఏడాది కొలత? గుంటలను నింపారా, తెగ్గొట్టారా, చెరువులను ఏం చేశారు? ఎన్ని గడుల పరిమితి పెట్టారు? కాలువలు, తూములు, అండర్ టన్నెళ్లు, రోడ్డు కల్వర్టులు లెక్కలో చేర్చారా? నిర్గమ బిందువు ఎక్కడ? నేల మీదికి వెళ్లి ఎన్ని చోట్ల సరిచూశారు?

ఇవి నిపుణులను ఇరకాటంలో పెట్టే ప్రశ్నలు కావు. సరిగ్గా పని చేసినవారి దగ్గర అన్నిటికీ జవాబులు ఉంటాయి, పటం మూలన రాసి కూడా ఉండాలి. జవాబు లేని పటాన్ని చర్చకు ప్రారంభంగా తీసుకోవచ్చు, తీర్పుగా తీసుకోకూడదు. సింగ్‌నగర్‌లో నడుము లోతు నీటిలో నిలబడినవారికి ఆ రోజు నీరు ఎటు నుంచి వచ్చి, ఎంత ఎత్తు లేచి, ఎటు పోయిందో తెలుసు. గోడల మీద మరకలు ఆ ఎత్తును చూపుతాయి. ఆ కొలతలు సేకరించి పటంలోకి ఎక్కిస్తే, తర్వాతి వరదకు గీసే గీత ఈసారి కంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.